శుద్ధి చేశారు సరే, ఆ మట్టి మీద ఆడుకునేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఓడరేవుల్లో తవ్వి తీసిన పూడికను శుద్ధి చేసి భూమ్మీద వాడుకోవచ్చంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. రోడ్ల కింద పరవడానికి, ఇటుకలు చేయడానికి, పని అయిపోయి వదిలేసిన క్వారీ గుంతలు నింపడానికి, పల్లపు నేలలు ఎత్తు చేయడానికి అది ఎలా పనికొస్తుందో బాగానే రాశారు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. శుద్ధి తర్వాత పరీక్షల్లో పాసైంది కాబట్టి ఆరోగ్యానికి ఏ ముప్పూ లేదు అన్న వాక్యం. నేను దాదాపు ముప్పై ఏళ్ళు మట్టి, నీళ్ళ శాంపిళ్ళు పరీక్షించే ల్యాబుల్లో పనిచేసి బయటికొచ్చినవాణ్ణి. 'పాసైంది' అన్న కాగితాల మీద నేనూ సంతకాలు పెట్టాను. ఆ మాటలో ఎంత సరుకుందో, ఎంత లేదో తెలుసు కాబట్టే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైపోయింది, కావాలంటే కత్తిరించుకోండి, లెక్కలున్న చోట మాత్రం కత్తెర పెట్టకండి.

ముందే చెప్పేస్తాను, పూడికను మళ్ళీ వాడుకోవడానికి నేను వ్యతిరేకిని కాను. ఓడలు లోపలికి రావాలంటే లోతు ఉండాలి, లోతు ఉండాలంటే తవ్వుతూనే ఉండాలి, తవ్వింది ఎక్కడో ఒకచోట పోయాలి. ఒకప్పుడు తీసుకెళ్ళి నడిసముద్రంలో వదిలేసేవారు, అడిగేవాడు లేడు. 1972లో లండన్ ఒప్పందం, తర్వాత 1996లో దాని ప్రోటోకాల్ వచ్చాక ఏది పడితే అది సముద్రంలో పారబోయడం కుదరదన్నారు. పూడికను ఇప్పటికీ పోయొచ్చు, కాకపోతే అందులో ఏముందో చూసి, వేరే దారి ఏదైనా ఉందేమో వెతికి, అప్పుడు అనుమతి ఇవ్వాలి. కాబట్టి భూమ్మీద వాడకం గురించి ఆలోచించడం మంచిదే. ఇసుక కోసం నదులు తవ్వేసే బదులు ఇది వాడితే రెండు పనులు ఒకేసారి అవుతాయి. నా గొడవల్లా 'ముప్పు లేదు' అని తేల్చే పద్ధతి గురించే.

హార్బర్ అడుగు బురదను ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? నల్లగా, గ్రీజులా జారుతూ ఉంటుంది. కుళ్ళిన గుడ్ల కంపు. ల్యాబులో దాన్ని ఒక ట్రేలో పలచగా పరిచి రాత్రికి వదిలేస్తే తెల్లారేసరికి పైన పొర గోధుమ రంగుకి తిరిగిపోయి ఉంటుంది, వేలితో గీరితే కింద ఇంకా నలుపే. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేను మొట్టమొదట చూపించేది ఈ ట్రేనే, ఎందుకంటే ఈ వ్యవహారం మొత్తానికి మూలం ఆ రంగు మారడంలోనే ఉంది. సముద్రం అడుగున ఆ బురదకి గాలి తగలదు. గాలి తగలని చోట గంధకం సల్ఫైడ్ రూపంలో ఉండి, కాడ్మియం, సీసం, జింక్, రాగి లాంటి లోహాల్ని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. ఒడ్డున పడేసిన క్షణం నుంచి ఆక్సిజన్ తగిలి ఆ సల్ఫైడ్ విరుగుతుంది, కొంత సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లాన్ని చంపడానికి బురదలో సున్నం లాంటిది సరిపడా లేకపోతే పట్టులో ఉన్న లోహాలు వదులైపోతాయి. అంటే నీళ్ళలో ఉన్నప్పుడు సాధువులా ఉన్నది నేల మీదికొచ్చాక అలా ఉండాలని లేదు. ఇక ఆ కంపు సంగతి. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. గాలిలో 100 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 100 పాళ్ళు, దాటిందంటే ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలియదు. గుంతలో దిగి పనిచేసేవాడు 'హమ్మయ్య, కంపు పోయింది' అనుకున్న నిమిషమే అసలు ప్రమాదం.

ఇంతకీ ఈ విషాలన్నీ రేవులోకి ఎలా చేరతాయి? ఓడ అడుగున నత్తలూ నాచూ పట్టకుండా వేసే పెయింట్లు, మరమ్మతు యార్డుల్లో గీకి పారేసిన తుక్కు, ఇంజన్ ఆయిలు, బొగ్గూ ఖనిజాలూ ఎత్తి దించేటప్పుడు రాలిన పొడి, ఊళ్ళోంచి వచ్చి కలిసే మురుగు కాలవలు. పెయింట్లలో ట్రైబ్యూటైల్ టిన్ అని ఒకటుండేది, టీబీటీ అంటారు. 1970లు, 80లలో ఫ్రాన్స్‌లోని ఆర్కషోన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకం దెబ్బతినడానికి ఇదే కారణమని తేలింది. ప్రపంచవ్యాప్తంగా దాన్ని ఆపే ఒప్పందం 2001లో కుదిరి 2008లో అమల్లోకొచ్చింది. పెయింట్ ఆగింది గానీ గాలి తగలని బురదలో టీబీటీ ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. పాత రేవుల్లో లోతుగా తవ్వితే ఇప్పటికీ తగులుతుంది. ఈ విషాలన్నీ ఇసుక రేణువులకి తక్కువగా, 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నగా ఉండే బంకమట్టికీ, కుళ్ళిన సేంద్రియ పదార్థానికీ ఎక్కువగా అంటుకుంటాయి. అందుకే పూడికలోంచి ఇసుకని వేరు చేస్తే ఇసుక చాలావరకు శుభ్రంగా వస్తుంది, విషమంతా మిగిలిన సన్నమట్టిలో పోగుపడుతుంది. జర్మనీలో హాంబర్గ్ రేవు 1993 నుంచి మెథా అనే ప్లాంటులో చేస్తున్నది ముఖ్యంగా ఇదే.

ఇప్పుడు శుద్ధి దగ్గరికొద్దాం. శుద్ధి అనగానే మనకి బట్ట ఉతికినట్టు మురికి నీళ్ళలో పోయి బట్ట తెల్లగా మిగిలిన చిత్రం కళ్ళ ముందు మెదులుతుంది. ఇక్కడ అలా జరగదు. నూనె తాలూకు పదార్థాలు, టీబీటీ లాంటి సేంద్రియ విషాలు వేడికో, సూక్ష్మజీవులకో విరిగిపోతాయి, నిజమే. లోహాలు విరగవు. సీసాన్ని ఎంత కాల్చినా సీసమే. పైగా కాల్చినప్పుడు సేంద్రియ పదార్థం పొగైపోయి మట్టి బరువు తగ్గుతుంది కాబట్టి, కిలోకి ఎంత లోహం అని లెక్కేస్తే అంకె ముందుకన్నా కాస్త పెరుగుతుంది కూడా. శుద్ధి చేసేది లోహాన్ని తాళం వేసి ఉంచడమే. సిమెంటు కలిపి గట్టిపరచడం ఒక పద్ధతి, ఫాస్ఫేట్ కలిపి లోహాన్ని కరగని ఖనిజంగా మార్చి ఆపైన బట్టీలో కాల్చడం ఇంకో పద్ధతి. రెండూ పనిచేస్తాయి. కానీ ప్రతి తాళానికీ ఒక బలహీనత ఉంటుంది. సిమెంటు కలిపితే క్షారగుణం బాగా పెరిగి పీహెచ్ 12 దాకా పోతుంది, అక్కడ కాడ్మియం, నికెల్ లాంటివి కదలకుండా ఉంటాయి గానీ సీసం, జింక్ మళ్ళీ కరగడం మొదలెడతాయి. ఇంకొన్నాళ్ళకి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి ఆ పీహెచ్ మెల్లగా దిగుతుంది, దిగుతుంటే ఏది ఎంత వదులవుతుందన్నది మళ్ళీ వేరే కథ. బట్టీలో సున్నం సమక్షంలో గాలి తగిలేలా కాలిస్తే, పెద్దగా హాని లేని మూడో రూపంలోని క్రోమియం కొంత ఆరో రూపానికి మారొచ్చు, క్యాన్సర్ కలిగించేదని తేలింది ఆ ఆరో రూపమే. పాదరసమైతే మట్టిలోంచి ఆవిరై పొగగొట్టం పడుతుంది, అక్కడ పట్టుకోకపోతే మట్టి శుభ్రం, గాలి ఖరాబు. అందుకే ఎవరైనా శుద్ధి చేశాం అంటే నేను మొదట అడిగేది ఏ పద్ధతిలో అని. తర్వాత, దేని కోసం అని.

మీ వ్యాసంలో పాసైందన్న పరీక్ష ఊట పరీక్ష అయ్యుంటుంది. ఎలా చేస్తారో చెబుతాను. ఎండిన మట్టిని 4 మిల్లీమీటర్ల జల్లెడ దాటేలా నలిపి, దాని బరువుకి 10 రెట్లు నీళ్ళు పోసి, సీసా మూత బిగించి, 24 గంటలు గిరగిరా తిప్పుతారు. రాత్రంతా ఆ మిషన్ తిరుగుతున్న టకటక చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత ఆ నీళ్ళు వడగట్టి అందులో ఎంత లోహం దిగిందో కొలుస్తారు. మంచి పరీక్షే, దానికి ఓ పరువుంది. కాకపోతే అది చెప్పేదేమిటో చూడండి.

అయిదు మీటర్ల మందాన పూడిక నింపిన గుంత తీసుకుందాం. చదరపు మీటరు వైశాల్యం కింద 5 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకి టన్నున్నర చొప్పున ఏడున్నర టన్నులు. వానలో ఏటా 300 మిల్లీమీటర్లు లోపలికి ఇంకుతుందనుకుంటే ఆ చదరపు మీటరులో దిగేది 300 లీటర్లు. సీసాలో పోసినట్టు బరువుకి 10 రెట్లు, అంటే 75,000 లీటర్లు దిగాలంటే 250 ఏళ్ళు కావాలి. అంటే ఒక రకంగా పరీక్ష చాలా కఠినమైనది, రెండున్నర శతాబ్దాల వాన ఒక్క రాత్రిలో కురిపించేసింది. ఇంకో రకంగా మాత్రం అది మనల్ని నిద్రపుచ్చుతుంది. ఎందుకంటే 75,000 లీటర్లలో కలిపి చూపించిన సగటు అది. తేలిగ్గా వదిలే సరుకంతా మొదటి రెండు మూడేళ్ళలో దిగే 750 లీటర్లలోనే దట్టంగా వచ్చేస్తుంది. ఆ మొదటి ఊటే పక్క బావికి చేరేది. అది తెలియాలంటే మట్టిని నిలువు గొట్టంలో నింపి కింది నుంచి మెల్లగా నీళ్ళెక్కించి, వచ్చిన నీటిని విడతలు విడతలుగా పట్టి కొలవాలి, ఆ పరీక్షకి వారాలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే, అందుకే చాలామంది దాని జోలికి పోరు. ఉప్పు సంగతి సరేసరి. సముద్రపు నీటిలో లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటుంది, సరిగ్గా కడగని పూడికలో అది నిలిచిపోతుంది, ఆ క్లోరైడు కాడ్మియంతో జతకట్టి దాన్ని నీళ్ళలోకి లాక్కుపోతుంది. బావి నీళ్ళు ఉప్పగా మారితే నాలుకకి తెలుస్తుంది. కాడ్మియం వస్తే తెలియదు.

ఇంతా చెప్పి అసలు విషయానికి ఇప్పుడొస్తున్నాను. ఊట పరీక్ష మట్టి గురించి చెబుతుంది. ఆరోగ్యం మనుషులకుండేది. ఈ రెంటి మధ్య వంతెన వేసే పనినే రిస్క్ అంచనా అంటారు, 1983లో అమెరికా జాతీయ పరిశోధన మండలి దానికి నాలుగు మెట్లు కట్టింది. ఏ పదార్థం హాని చేస్తుంది, ఎంత మోతాదుకి ఎంత హాని, ఎవరికి ఏ దారిన ఎంత చేరుతోంది, ఈ మూడూ కలిపితే రిస్క్ ఎంత. మొదటి రెండూ పుస్తకాల్లో దొరుకుతాయి. మూడోది మాత్రం ఆ స్థలానికెళ్ళి, చుట్టూ తిరిగి, మనుషులతో మాట్లాడి రాసుకోవాలి. అక్కడే అందరూ కాళ్ళు లాగేస్తారు.

ఒక లెక్క వేసి చూపిస్తాను, కాగితం పెన్ను ఉంటే మీరూ వేయండి. శుద్ధి చేసిన పూడికలో కిలోకి 20 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉందనుకుందాం. చూడ్డానికి హడలిపోయే అంకేమీ కాదు, ఏ పూడికా పడని మామూలు నేలల్లోనూ కొన్నిచోట్ల ఇంతుంటుంది. ఆ మట్టిని పైపొరగా వేసిన మైదానంలో ఓ చిన్నపిల్ల రోజూ ఆడుకుంటోంది. చేతికంటిన మట్టి నోట్లోకి పోతుంది, పిల్లలన్నాక తప్పదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ తన లెక్కల్లో ఆరేళ్ళలోపు పిల్లలకు రోజుకి 200 మిల్లీగ్రాముల మట్టి అని చాలాకాలంగా వాడుతోంది. అది చిటికెడు కూడా కాదు. గ్రాముకి 20 మైక్రోగ్రాముల చొప్పున ఆ 200 మిల్లీగ్రాముల్లో ఉండే ఆర్సెనిక్ 4 మైక్రోగ్రాములు. మింగిందంతా ఒంటికి పట్టదు, మట్టిలోని ఆర్సెనిక్‌లో 60 శాతం పడుతుందని అదే సంస్థ అంచనా. 2.4 అయింది. పిల్ల బరువు 15 కిలోలు. భాగిస్తే కిలో బరువుకి రోజుకి 0.16 మైక్రోగ్రాములు.

క్యాన్సర్ మాట అటుంచి మిగతా జబ్బులకి సంబంధించి ఈపీఏ చాలా ఏళ్ళపాటు పెట్టుకున్న హద్దు ఇదే కొలతలో 0.3. మన 0.16ని దాంతో భాగిస్తే 0.53, ఒకటి కన్నా తక్కువ కాబట్టి పాస్. అయితే 2025 జనవరిలో అదే సంస్థ కొత్త ఆధారాలు చూసి ఆ హద్దుని 0.06కి దించింది. ఇప్పుడు భాగించండి. 2.7 దగ్గరికొస్తుంది. మట్టి అదే, పిల్ల అదే, ఆట అదే, నిన్న పాసైంది ఇవాళ ఫెయిల్. సీసం విషయంలోనూ ఇలాగే జరిగింది. ఇళ్ళ దగ్గర మట్టిలో కిలోకి 400 మిల్లీగ్రాములు దాటితే ఆలోచించాలి అని 1994 నుంచి ఉన్న ఈపీఏ సూచన 2024లో 200కి దిగింది. పదేళ్ళ కిందటి రిపోర్టు పట్టుకుని ఇవాళ పని మొదలెట్టేవాళ్ళు కనీసం భాగహారమైనా మళ్ళీ చేసుకోవాలి కదా.

ఈ లెక్కనే ఇంకోలా తిప్పండి. ఆ పిల్ల రోజూ కాకుండా వారానికి ఒక్కరోజే అక్కడికి వస్తే 2.7ని ఏడుతో భాగించాలి, దాదాపు 0.38, పాస్. పిల్ల బదులు 70 కిలోల బరువున్న పెద్దాయన, రోజుకి 100 మిల్లీగ్రాముల మట్టి చొప్పున, రోజూ వచ్చినా 0.29, పాస్. మట్టిని తారు కింద వేసి కప్పేస్తే నోట్లోకి వెళ్ళే దారే మూసుకుపోయింది, దాదాపు సున్నా. కాబట్టి 'ఈ మట్టి సురక్షితమా?' అన్న ప్రశ్నకి జవాబే లేదు. ఎవరు, ఎక్కడ, రోజుకి ఎంతసేపు అని చెప్పాకే జవాబొస్తుంది.

నాకు జరిగిందొకటి చెబుతాను, పేర్లు వద్దు. ఒక పాత గుంతని శుద్ధి చేసిన పూడికతో నింపే ప్రాజెక్టు రిపోర్టు అభిప్రాయం కోసం నా టేబుల్ మీదికొచ్చింది. లావుపాటి పుస్తకం, రంగురంగుల గ్రాఫులు, చివర్లో రిస్క్ నామమాత్రం అన్న మాట. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్క తప్పు దొరకలేదు. ఎవరికి లెక్కేశారా అని చూస్తే వాచ్‌మన్‌కి, రోజుకి ఎనిమిది గంటలు. బాగుంది. అట్టకి కొంచెం ముందు మడతపెట్టిన మ్యాపు ఒకటి ఉంది, అది విప్పితే ఆ గుంత నిండాక పైన ఏం రాబోతోందో చక్కగా గీసి ఉంది. ఫుట్‌బాల్ గ్రౌండు. పక్కన ఊయలలు, జారుడుబల్ల. లెక్కేసినవాళ్ళు మ్యాపు చూడలేదు, మ్యాపు గీసినవాళ్ళు లెక్క చూడలేదు. ఇందులో మోసమేమీ లేదు, ఎవరి పని వాళ్ళు చేసి బిల్లు పెట్టుకున్నారు. నేను పెన్సిల్‌తో ఊయలల చుట్టూ సున్నా చుట్టి తిప్పి పంపాను. నాలుగు నెలల తర్వాత అదే రిపోర్టు మళ్ళీ వచ్చింది. ఈసారి మ్యాపు లేదు.

పిల్లల్ని పక్కన పెడితే అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువ ఆ మట్టిని పీల్చేది పనివాళ్ళు. తడి బురద దుమ్ము లేపదు, ఆరబెట్టి జల్లించి లారీకెత్తి దించేటప్పుడు లేస్తుంది, పైగా లేచేది విషం ఎక్కువగా పట్టుకున్న సన్నటి రేణువులే. లోడింగ్ చేసేవాళ్ళు, లారీ డ్రైవర్లు, రోలర్ నడిపేవాళ్ళు. వీళ్ళ పని ఆర్నెల్లో, ఏడాదో, తర్వాత ఇంకో ఊరికి పోతారు, కాబట్టి 'దీర్ఘకాలిక' లెక్కల్లో వీళ్ళు దొరకరు. దుమ్ము ఇంటికి కూడా వెళ్తుంది, చొక్కాకంటుకుని. నీళ్ళు చల్లడం, లారీకి టార్పాలిన్ కప్పడం, మాస్కులు ఇచ్చి ఊరుకోకుండా పెట్టుకునేలా చూడటం, పనయ్యాక బట్టలు అక్కడే మార్చుకునే గది. ఇవి పెద్ద ఖర్చులు కావు. కాగితం మీద అన్నీ ఉంటాయి, సైటులో ఓ టార్పాలిన్ ఉంటుంది, అది కూడా చిరిగిపోయి.

నోరు, ముక్కు కాక మూడో దారి తిండి. కాడ్మియం ఆకుకూరల్లోకి బాగా ఎక్కుతుంది. పీసీబీలు, డయాక్సిన్లు అనే, కొవ్వులో పేరుకునే సేంద్రియ విషాలు గడ్డి మీది దుమ్ము ద్వారా పశువుకి, పశువు నుంచి పాల కొవ్వులోకి చేరతాయి. గుంత నిండక ముందు నీళ్ళు నిలిస్తే అందులో ఎవరో చేపలు పడతారు, బోర్డు పెట్టినా పడతారు. నివేదికలో 'స్థలంలో వ్యవసాయం నిషిద్ధం' అని ఒక ముక్క రాసేసి ఈ దారులన్నీ మూసేసినట్టు లెక్కేస్తారు. నిషేధం మట్టిని ఆపదు, మనిషి వింటే మనిషిని ఆపుతుంది, అంతే.

ఇంకో పాత అలవాటు, ఒక్కో లోహానికి విడివిడిగా లెక్కేసి అన్నీ ఒకటి కన్నా తక్కువే అని చెప్పేయడం. సీసం 0.6, పాదరసం 0.5 వచ్చాయనుకోండి, విడిగా రెండూ పాస్. కానీ రెండూ దెబ్బతీసేది నరాలనే, అదీ ఎదిగే పిల్లల మెదడుని. ఒకే అవయవాన్ని దెబ్బతీసేవాటిని కూడాలన్నది పద్ధతి, కూడితే 1.1. సీసానికైతే అసలు ఇంత వరకు ఫర్వాలేదన్న గీత గీయడమే కష్టమైపోయింది. ఆహారంలో సీసానికి వారానికి ఇంతవరకు సరే అన్న పాత హద్దుని అంతర్జాతీయ నిపుణుల సంఘం జెక్ఫా 2010లో వెనక్కి తీసుకుంది, ఆ హద్దు ఆరోగ్యాన్ని కాపాడుతుందని ఇక చెప్పలేమని. క్యాన్సర్ లెక్క వేరు, అక్కడ లక్ష మందిలో ఒకరికి అదనంగా వస్తే ఒప్పుకుందామా, పది లక్షల మందిలో ఒకరికా అన్నది సైన్సు తేల్చేది కాదు, మనం తేల్చుకోవాల్సింది. మనల్ని అడగకుండానే ఆ అంకె రిపోర్టులో పడిపోతుంటుంది.

శాంపిళ్ళ గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను, ఇది మా ల్యాబువాళ్ళ పాపం కూడా. రేవు అడుగు అంతా ఒకేలా ఉండదు, మరమ్మతు యార్డు ముందు ఓ రకం, ఓడలు తిరిగే దారిలో ఓ రకం. పది బకెట్లు తీసి కలిపి ఒక్క శాంపిలు చేస్తారు. తొమ్మిదింటిలో కిలోకి 10 మిల్లీగ్రాములు, పదోదానిలో 300 ఉంటే కలిపిన దాంట్లో 39 వస్తుంది. హద్దు 50 అయితే పాస్. ఆ పదో బకెట్టు ఏమీ మాయమైపోలేదు, ఎక్కడో ఒకచోట నేల మీదికి చేరింది.

ఇదంతా ఊహ అనుకునేవాళ్ళకి నెదర్లాండ్స్ సంగతి చెప్పాలి. రోటర్‌డామ్ రేవుల్లోంచి తీసిన బురదతో చుట్టుపక్కల పల్లపు నేలల్ని దశాబ్దాలపాటు ఎత్తు చేశారు, అప్పట్లో అది మంచి మట్టే అనుకున్నారు. మాస్‌స్లౌస్ పట్టణంలో స్టేన్‌డైక్‌పోల్డర్ అన్నచోట అలాంటి నేల మీద ఇళ్ళే కట్టేశారు, 1980లలో గానీ మట్టిలో ఏముందో బయటపడలేదు. అప్పటికే జనం కాపురాలున్నారు. తర్వాత రోటర్‌డామ్ ఏం చేసిందంటే, బాగా చెడిన బురద కోసం సముద్రం ఒడ్డునే స్లుఫ్టర్ అని 15 కోట్ల ఘనపు మీటర్లు పట్టే పెద్ద గుండం కట్టి 1987 నుంచి అందులో పోస్తోంది, అంతటితో ఆగకుండా నది పైభాగాన విషాలు వదిలే పరిశ్రమల వెంటపడి వాటిని తగ్గించుకునేలా చేసింది. రేవులోకి రాకుండా ఆపిన విషానికి శుద్ధి అక్కర్లేదు, పరీక్షా అక్కర్లేదు.

జపాన్‌లోని మినమాటా తెలియనివాళ్ళుండరు. అక్కడ పాదరసంతో నిండిన అఖాతపు బురదని 1977 నుంచి 1990 దాకా తవ్వి, 25 పీపీఎం దాటినదంతా ఉక్కు గోడల మధ్య పోసి పైన శుభ్రమైన మట్టి కప్పి 58 హెక్టార్ల నేల తయారు చేశారు. ఇప్పుడది పార్కు. చెట్లున్నాయి, జనం తిరుగుతారు. కింద పాదరసం ఉందని అందరికీ తెలుసు, ఎవరూ దాన్ని శుభ్రమైన మట్టి అనలేదు, ఆ ఉక్కు గోడలు ఎన్నాళ్ళుంటాయన్న చర్చ కూడా నడుస్తూనే ఉంది. నాకు నచ్చేది ఆ నిజాయితీ. హాంబర్గ్‌లో నీళ్ళు పిండేసిన సన్నమట్టిని బంకమట్టికి బదులు చెత్త గుట్టల్లో నీరు దిగకుండా ఆపే పొరగా వాడుతున్నారు. న్యూజెర్సీలో 1990ల చివర్లో హార్బర్ పూడికకి సిమెంటు కలిపి పాత చెత్త డంపు మీద పరిచి, పైన షాపింగ్ మాల్ కట్టారు. వీటిలో మనిషి నోటికీ మట్టికీ మధ్య ఏదో ఒకటి అడ్డం ఉంది, మట్టి తీరుకి తగ్గ చోటు వెతికారు. మీ వ్యాసంలో మాత్రం పార్కు, రోడ్డు, పొలం, ఇటుక, క్వారీ అన్నీ ఒకే గాటన కట్టేశారు. చెరువు పూడిక వేరు, రేవు పూడిక వేరు అన్న మాట కూడా ఎక్కడా కనబడలేదు.

కాలం గురించి కూడా ఎవరూ రాయరు. ఇవాళ తారు వేసి కప్పిన పూడికని ముప్పై ఏళ్ళ తర్వాత కేబుల్ కోసమో పైపు కోసమో తవ్వుతారు. తవ్వేవాడికి కింద ఏముందో ఎవరు చెబుతారు? ఆ నేల అమ్ముడైతే కొనేవాడి కాగితాల్లో ఆ మాట ఉంటుందా? లారీల్లో ఎంత వచ్చింది, ఏ రేవు నుంచి వచ్చింది, ఏ లోతులో పోశారు అన్న రికార్డు నేలతోపాటే ఉండాలి, కాంట్రాక్టరు ఆఫీసు బీరువాలో కాదు. గుంతకి ఎగువన ఒకటి, దిగువన రెండైనా పరిశీలన బోర్లు వేసి, నింపక ముందే నీళ్ళు కొలిచి పెట్టుకోవాలి. తర్వాత కొలిస్తే ఉపయోగం లేదు, 'ఇది ముందునుంచీ ఇంతే' అంటారు, కాదనడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

చివరిగా మీ విలేకరికి ఒక విన్నపం. ఈసారి ఇలాంటి ప్రాజెక్టు గురించి రాసేటప్పుడు పాసైందా అని అడగొద్దు, అందరూ పాసైందనే చెబుతారు. లెక్క ఎవరి మీద వేశారు, పిల్లల మీద వేశారా, రోజుకి ఎంత మట్టి అనుకున్నారు, ఏ ఏడాది హద్దు వాడారు, చుట్టూ ఉన్న బావుల నీళ్ళు ముందుగా ఎప్పుడు కొలిచారు అని అడిగి, వచ్చిన అంకెల్ని యథాతథంగా అచ్చు వేయండి. అంకెలు ఇవ్వమంటే ఇవ్వలేదని వేయండి. భాగహారం మేం చేసుకుంటాం. ఇంకొకటి, ఆఖరి పేజీల్లో మ్యాపు ఉందేమో చూడమనండి. ఉంటే విప్పమనండి.

ఇట్లు,
పని మానేసినా లెక్కలు మానలేని మీ పాఠకుడు